గేటు బయట రాజు

ఆ ఎండాకాలం సీసాల ఫ్యాక్టరీ సైరను మూగబోయింది. మా వీధి మొత్తం ఆ సైరను చెప్పినట్టే నడిచేది. అది కూస్తే లేచేవాళ్ళం, కూస్తే వండేవాళ్ళం, కూస్తే పిల్లల్ని బడికి తరిమేవాళ్ళం. సమ్మె మొదలయ్యాక జనానికి పొద్దు తెలియడం మానేసింది. మగవాళ్ళు పగలు అరుగుల మీద కూర్చుని ఆవలించేవారు. అప్పటికి నేను బస్టాండు ఎదురుగా ఉన్న టైలరమ్మ కొట్లో స్కూలు యూనిఫారాలు కుడుతున్నాను. నాన్న ఆ ఫ్యాక్టరీలో ఫర్నేసు మేస్త్రి. అన్నయ్య అక్కడే అచ్చుల దగ్గర పనివాడు.

మా ఇంట్లో రాత్రి భోజనానికి ముందు ప్రార్థన ఉండేది. నాన్న ప్రార్థన చేస్తుంటే పెద్ద ఆఫీసరు ముందు నిలబడ్డట్టే ఉండేది. రాజాధిరాజా అని ఎత్తుకుని, సింహాసనం, కిరీటం, రాజదండం వరసగా అన్నీ చెప్పి, అప్పుడు గానీ అసలు సంగతికి వచ్చేవాడు కాదు. ఈలోగా కూర చల్లారిపోయేది. అమ్మ వంతు వస్తే ఒక్కటే ముక్క. "రాజా, చూసుకో నాయనా." అంతే, ఆమెన్ అనేసి గరిటె పట్టుకునేది.

గొడవంతా బక్కాయన చేతితో మొదలైంది. అసలు పేరు ఎవరూ వాడరు, అందరికీ బక్కాయనే. అచ్చులోంచి తీస్తున్న సీసా పగిలి, కరిగిన గాజు మీద పడి, అతని కుడిచేయి మోచేతి దాకా కాలింది. అజాగ్రత్తగా పనిచేశాడని మేనేజరు ఆయన్ని పనిలోంచి తీసేశాడు. తీసేసే ముందు విచారణ అని ఒకటి పెట్టి నాన్నని పిలిచారు. ఆ రాత్రి అన్నయ్య అన్నం కలుపుతూ అడిగాడు.

"గ్లవ్స్ వేసుకున్నాడా అని అడిగారట గదా. ఏం చెప్పావు నాన్నా?"

"లేదన్నాను. వేసుకోలేదు మరి."

"ఉంటే గదా వేసుకోడానికి! చలికాలం నుంచి స్టోరులో ఒక్క జత లేదు. ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళు అడిగింది అది కాదు."

"అడక్కపోతే చెప్పవా?"

"పైవాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పాలిరా. అడగనిది చెబితే దాన్ని ఎదురు మాట్లాడ్డం అంటారు. ఇన్నేళ్ళుగా నేను నేర్చుకున్నది అదే."

అమ్మ మంచినీళ్ళ చెంబు ఇద్దరి మధ్యా ఠక్కున పెట్టింది. "తినేటప్పుడు ఫ్యాక్టరీ వద్దు. చెప్పులతో పాటు దాన్ని కూడా గుమ్మం బయట విప్పి రండి, ఇద్దరూను."

అన్నయ్య సగం అన్నం వదిలేసి చేయి కడుక్కున్నాడు. ఆ వారమే సమ్మె మొదలైంది. బక్కాయన్ని తిరిగి తీసుకోవాలన్నది ఒక్కటే కోరిక.

అందరూ బయటికొచ్చేశారు, నాన్న తప్ప. ఫర్నేసు చల్లారితే లోపలి గాజు బండరాయి అయిపోతుంది, గోడల ఇటుకలు పగిలిపోతాయి, సమ్మె గెలిచినా తిరిగి వెళ్ళడానికి ఫ్యాక్టరీ అంటూ ఉండదు అన్నది నాన్న వాదన. అబద్ధం కాదు. నిప్పు ఆరకుండా ఉన్నంతకాలం మేనేజరుకి తొందరేముంటుంది అన్నది అన్నయ్య వాదన. అదీ అబద్ధం కాదు. ఆఫీసు గుమాస్తాలు ఇద్దర్ని తోడు పెట్టుకుని నాన్న లోపలే ఉండిపోయాడు. అప్పుడప్పుడు స్నానానికి ఇంటికి వచ్చేవాడు. అన్నయ్య గేటు ఎదురుగా టార్పాలిను పందిరి కింద కూర్చునేవాడు. అమ్మ రోజూ రెండు క్యారియర్లు కట్టేది. మధ్యాహ్నం కొట్లోంచి వచ్చి వాటిని మోసుకెళ్ళే పని నాది.

లోపలి క్యారియరు వాచ్‌మన్‌కి ఇవ్వడానికి పందిరి ముందు నుంచే నడవాలి. ఎవరూ ఏమీ అనేవారు కాదు గానీ, మాటలు ఆగిపోయేవి. నేను తల వంచుకుని గబగబా నడిచేదాన్ని. ఒక్క అన్నయ్యే మామూలుగా పలకరించేవాడు.

"లోపలికెళ్ళే దాంట్లో కూర ఎక్కువేసిందా అమ్మ?"

"రెండూ ఒకే గిన్నెలోవి."

"అయితే సరే. మేస్త్రిగారు ఎలా ఉన్నారు?"

"కనుబొమలు కాలిపోయాయి. నీ గురించి అడిగాడు."

"ఏమని?"

"ఎండలో తలకి గుడ్డ చుట్టుకుంటున్నాడా, పెద్ద హీరోలా ఉత్త తలతో కూర్చుంటున్నాడా అని."

అన్నయ్య నవ్వేశాడు. మర్నాడు చూస్తే తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. గేటుకున్న చిన్న తలుపు సందులోంచి నాన్న చూశాడో లేదో తెలియదు. చూసే ఉంటాడు.

తర్వాత గేటు దగ్గర తోపులాట జరిగింది. మేనేజరు జీపు అద్దం పగిలింది. ఎవరు పగలగొట్టారో తెలియదు గానీ, పోలీసులు కేసులో అన్నయ్యను కూడా చేర్చారు. కొన్నాళ్ళు కనబడకుండా ఎక్కడికైనా వెళ్ళిపొమ్మని యూనియన్ పెద్దలు లారీ కూడా మాట్లాడిపెట్టి పోరుతున్నా, అన్నయ్య ఇల్లు కదలనని మొండికేశాడట. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి.

ఒక ఉదయం నాన్న స్నానానికి వచ్చాడు. అదే సమయానికి అన్నయ్య బట్టలు మార్చుకోడానికి వచ్చి ఉన్నాడు. అన్నయ్య పెట్టె మీద కూర్చుని చొక్కా గుండీ కోసం వెతుక్కుంటున్నాడు. నాన్న తడితలతో గది మధ్యలో నిలబడి, డ్యూటీకి పోయే ముందు ఎప్పుడూ చేసే ప్రార్థన మొదలుపెట్టాడు. రాజాధిరాజా. సింహాసనం. రాజదండం. ఆమెన్ దాకా అన్నయ్య ఓపిక పట్టాడు.

"నాన్నా, ఒక్క మాట అడుగుతాను. మీ రాజు ఎవరి వైపు?"

"రాజుకి వైపులుండవు."

"అయితే ఆయనా మేనేజరు లాంటివాడేగా. పైన కుర్చీలో కూర్చుంటాడు. కింద ఎవరి చేయో కాలితే అజాగ్రత్త అంటాడు. నీలాంటి వాళ్ళు లేచి నిలబడి, అవునండీ, మహారాజా అంటారు."

నాన్న చేయెత్తాడు. కొట్టలేదు. ఎత్తిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక, దండెం మీది తువ్వాలు లాగి తల తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే, మెల్లగా, తువ్వాలు చాటు నుంచి అన్నాడు.

"ఆయన్ని ఆ మాట అన్నవాడు నా ఇంట్లో ఉండడానికి వీల్లేదు."

"సరే," అన్నాడు అన్నయ్య.

చేతిసంచిలో రెండు జతల బట్టలు కుక్కుకుని బయటికి నడిచాడు. వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఒరే రాజా, పొయ్యి మీద పెట్టాను, తినేసి వెళ్ళరా!" పందిరి దగ్గరికే వెళ్తున్నాడనుకున్నాం. మధ్యాహ్నం నేను క్యారియరు తీసుకెళ్తే అక్కడ లేడు. ఉదయమే సంచితో వచ్చి, లారీ ఎక్కడుంది అని అడిగాడట. పక్క రాష్ట్రంలో ఇంకో గాజు ఫ్యాక్టరీ ఉందిట, తెలిసినవాళ్ళున్నారట, వెళ్ళిపోయాడట. ఆ "ట"లన్నీ మోసుకుని, నిండు క్యారియరుతో ఇంటికి తిరిగొచ్చాను. అమ్మ దాని మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

అన్నయ్యను అమ్మ మొదటి నుంచీ రాజా అనే పిలిచేది. దేవుణ్ణీ అదే మాటతో పిలిచేది. రెండింటికీ తేడా ఉందని నాకెప్పుడూ తోచలేదు, అవసరమూ రాలేదు. ఇప్పుడు గోడ ఇవతల కూర్చుని బట్టలు మడతపెడుతుంటే అవతల గదిలోంచి వినబడేది. "రాజా, తిన్నావో లేదో" అంటే అన్నయ్యతో. "రాజా, చూసుకో" అంటే ఆయనతో. కొన్నిసార్లు "రాజా" అని మాత్రం అని ఊరుకునేది. అప్పుడు ఎవరితోనో నాకు తెలిసేది కాదు. ఆమెకి తెలుసా అని కూడా అనుమానం వచ్చేది.

ఒక మధ్యాహ్నం పెరట్లో దుప్పట్లు ఆరేస్తూ అడిగేశాను.

"అన్నయ్య అన్నదాంట్లో తప్పేముందమ్మా? రాజంటే కోటలో ఉంటాడు, ఆజ్ఞలిస్తాడు. మనమేమో ఆయన్ని రాజు రాజు అంటాం. ఎందుకంటాం?"

"నాకేం తెలుసే, నేనేమన్నా పాస్టరునా?" దుప్పటి అంచు నా చేతికిచ్చి, తాను రెండో అంచు పట్టుకుని దులిపింది. కాసేపటికి తనే అంది. "నా పెళ్ళయిన కొత్తలో పెద్ద జ్వరమొచ్చింది. మీ నాన్న నా పక్కన కూర్చుని, గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, నా పాదాలు తుడిచారు. ఎవరికన్నా చెబితే ఊరుకోనన్నారు. ఇదిగో, ఇప్పటిదాకా చెప్పలేదు. ఫర్నేసు దగ్గర అందరి మీదా అరుస్తారే, అది చూసి ఈయన గొప్పవాడని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ రోజు అనుకున్నాను."

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"ఉందిగదే. ప్రభువు నెత్తిన ముళ్ళు పెట్టి, దణ్ణం రాజా అని సైనికులు నవ్వారా లేదా? వాళ్ళు వేళాకోళానికన్నారు. మనం నిజంగా అంటున్నాం. కానీ ఆ ముళ్ళు ఆయన పీకి పారేయలేదు చూడు. పారేసి, ఒక్క అరుపు అరిచి వాళ్ళ నోళ్ళు మూయించి ఉంటే, నేను ఆయన్ని రాజా అని పిలిచేదాన్ని కాదు. భయపడి అయ్యగారూ అనేదాన్ని."

దుప్పటికి క్లిప్పు పెట్టి, వీధి వైపు చూసింది. లారీ చప్పుడైతే చాలు, అలా చూడ్డం అలవాటైపోయింది ఆమెకి.

అవి ఈస్టరు ముందొచ్చే శ్రమ దినాలు. చర్చిలో ప్రతి ఆదివారం ప్రభువు పడ్డ శ్రమల గురించే ప్రసంగాలు. మా పాస్టరుగారు ముసలాయన, ఉబ్బసం మనిషి. ఎక్కువసేపు మాట్లాడలేరు, అందుకే అందరికీ ఇష్టం. ఆ ఆదివారం నాన్న ఫర్నేసు దగ్గర నుంచి తిన్నగా యూనిఫారంతో వచ్చాడు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేవాడు, ఆవేళ వెనక గోడ పక్కన కూర్చున్నాడు. ముందు వరసలోవాళ్ళలో సగం మంది పందిరి కింద మనుషులే మరి.

పాస్టరుగారు విచారణ ఘట్టం ఎత్తుకున్నారు. "గవర్నరు ఆయన్ని అడిగాడు, నువ్వు రాజువా అని. మనల్నెవరన్నా అలా అడిగితే ఏం చెబుతాం? నా సైన్యం ఇంత, నా కోట అంత అంటాం. ఆయనేమన్నాడు? నేను నిజానికి సాక్ష్యం చెప్పడానికి పుట్టానన్నాడు. రాజు పని అదే అన్నట్టు చెప్పాడు. పాపం ఆ గవర్నరుకి అర్థం కాలేదు. నిజమంటే ఏమిటి అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బయటికి వెళ్ళిపోయాడు." కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. "తర్వాత ఆ రాజుని ఊళ్ళో ఉంచలేదు. గవిని బయటికి తీసుకెళ్ళారు. గవిని అంటే గేటే. మనం ఇక్కడ కూర్చుని రాజా రాజా అని గొంతెత్తి పాడతాం. రాజు వెనక నడిచేవాడు ఎక్కడుండాలి? రాజెక్కడుంటే అక్కడ. ఆయనేమో గేటు బయట..."

అక్కడ దగ్గు తెర వచ్చింది. ఎంతకీ తగ్గలేదు. చేత్తో సైగ చేసి, పాట ఎత్తుకోమన్నారు.

అందరూ పాటకి లేచి నిలబడుతుంటే నాన్న బయటికి నడిచాడు. అమ్మ నా మోచేతి మీద పొడిచింది. "వెళ్ళు. ఆయన వెనకే వెళ్ళు."

నాన్న వెనక్కి తిరిగి చూడలేదు. పందిరి ముందు నుంచి నడిచి, చిన్న తలుపులోంచి ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళిపోయాడు. నేను రోడ్డు మీద, నీడ లేని చోట, ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. డ్యూటీకే వెళ్ళాడు, అంతే, ఇక ఇంటికి పోదాం అనుకుంటుండగా గేటు దగ్గర అలికిడైంది. ముందు నాన్న వచ్చాడు. వెనకాల మేనేజరు, ఆదివారం బట్టల్లో, చెప్పులతో.

"మేస్త్రీ, మతి పోయిందా? ఫర్నేసు సంగతేమిటి?"

"ఆ గుమాస్తాలిద్దరికీ నేర్పానండి. మంట తగ్గకుండా వాళ్ళు చూస్తారు." నాన్న గేటు దాటి ఇవతలికొచ్చి ఆగాడు. పందిరి కింద ఒక్కరూ కదల్లేదు. నాన్న గొంతు పెంచలేదు. ఇంట్లో ఉప్పు తక్కువైందని చెప్పేటప్పటి గొంతే. "అయ్యా, ఆవేళ మీరు నన్నొకటి అడిగారు. గ్లవ్స్ వేసుకున్నాడా అని. లేదన్నాను. గ్లవ్స్ లేవండి. చలికాలం నుంచీ లేవు. నేను అడిగాను, మీరు చూద్దామన్నారు. ఈ మాట కూడా ఆవేళే చెప్పాల్సింది."

"ఇప్పుడు నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదండి."

మేనేజరు ఇంకేదో అనబోయి, ఎదురుగా ఉన్న మొహాలు చూసి లోపలికెళ్ళిపోయాడు. నాన్న టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పందిరి కింద ఉన్నవాళ్ళందరినీ ఒకసారి కలయజూశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, లేచి కౌగిలించుకోలేదు. బక్కాయన మాత్రం కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి లాక్కుని, కొంచెం పక్కకి జరిగాడు. ఆ ఖాళీలో నాన్న కూర్చున్నాడు.

తర్వాత లేబరు ఆఫీసరు వచ్చి అడిగితే నాన్న అవే మాటలు చెప్పాడు. సమ్మె ముగిసింది. బక్కాయన్ని ప్యాకింగులో తేలిక పనికి తీసుకున్నారు. గ్లవ్సూ వచ్చాయి. నాన్నని మాత్రం ఇక రానక్కర్లేదన్నారు. మీ కోసం మళ్ళీ బయటికొస్తామని పందిరివాళ్ళు ఇంటికొచ్చి కూర్చుంటే నాన్న ఒప్పుకోలేదు.

"ఫర్నేసు ఆరలేదు గదా, చాలు. పొండి, పనికి పొండి. కొత్త మేస్త్రి అరుస్తాడు."

కొన్నాళ్ళకి బస్టాండు పక్క సందులో బేకరీ వాళ్ళు నాన్నని పొయ్యి దగ్గర పెట్టుకున్నారు. గాజు నుంచి బన్నుకి దిగావా అని ఎవరో హాస్యమాడితే, "ఇక్కడ చేయి కాలితే కనీసం తినడానికేదో ఉంటుంది" అన్నాడు. సైరను మళ్ళీ కూయడం మొదలైంది. కూసినప్పుడల్లా ఉలిక్కిపడి లేచి, చొక్కా కోసం వెతుక్కుని, మళ్ళీ కూర్చునేవాడు.

ఇంట్లో ప్రార్థన మారిపోయింది. రాజాధిరాజా అని మొదలుపెట్టేవాడు, తర్వాత ఏమీ వచ్చేది కాదు. సింహాసనం మాట రాదు, కిరీటం మాట రాదు. అలాగే నిలబడేవాడు. మేమూ నిలబడేవాళ్ళం. కూర ఇంకా ఎక్కువగా చల్లారేది. అమ్మ గరిటె ముట్టుకునేది కాదు.

అన్నయ్య నుంచి ఏ కబురూ లేదు. తను వెళ్ళిన ఊరి నుంచి వచ్చే బస్సు సాయంత్రం పూట మా కొట్టు ఎదురుగానే ఆగుతుంది. ఆ వేళకి నాన్న చేతిలో బన్నుల పొట్లంతో కొట్లోకి వచ్చేవాడు. నాకిచ్చేవాడు, టైలరమ్మకిచ్చేవాడు, గుమ్మంలో స్టూలు వేసుకుని వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. బస్సు ఖాళీ అయ్యాక లేచి వెళ్ళిపోయేవాడు. పాపం టైలరమ్మ అంతా కనిపెట్టి కూడా, "మీ నాన్న నాకు బన్నులు మేపి మేపి నా కొలతలు మార్చేస్తున్నాడే అమ్మాయ్" అని మాత్రమే అనేది.

తొలివాన పడ్డ సాయంత్రం కొట్లో ఫోను మోగింది. టైలరమ్మ ఎత్తి, విని, రిసీవరు నాకు చాపింది.

"నేనే," అన్నాడు అన్నయ్య.

గుమ్మంలో కూర్చున్న నాన్న వైపు చూశాను. నా మొహం చూసే ఆయనకి అర్థమైపోయింది. వచ్చి, రిసీవరు తీసుకుని, చెవికి దూరంగా పట్టుకున్నాడు, వేడి వస్తువు పట్టుకున్నట్టు. అందుకని నాకూ అన్నీ వినబడ్డాయి.

"నాన్నా."

"ఊఁ."

"బాగున్నావా?"

"ఊఁ. మీ అమ్మ బాగుంది."

కాసేపు అటువైపు వాన చప్పుడో, మిషన్ల చప్పుడో వినబడింది.

"బక్కాయన చెప్పాడు. గేటు బయటికొచ్చి కూర్చున్నావట."

"ఊఁ."

"ఎందుకొచ్చావు నాన్నా?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. "రాజు అక్కడున్నాడేమో చూద్దామని వచ్చాను."

అన్నయ్య నవ్వలేదు. ఎగతాళి చేయలేదు. చిన్నప్పుడు సందేహాలు అడిగే గొంతుతోనే అడిగాడు.

"ఉన్నాడా?"

"ఉన్నాడు. నువ్వే లేవు."

చివరికి అన్నయ్యే అన్నాడు, కేసు ఇంకా కొట్టెయ్యలేదని, ఇప్పుడప్పుడే రావడం కుదరదని. తెలుసురా అన్నాడు నాన్న. అమ్మకి చెప్పు అన్నాడు అన్నయ్య. చెబుతాలే అన్నాడు నాన్న. ఇంట్లో ఉండొద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాననలేదు, ఎప్పుడొస్తావని అడగలేదు. లైను తెగిపోయాక కూడా రిసీవరు చెవి దగ్గరే ఉంచుకున్నాడు. టైలరమ్మ మిషను ఆపేసి, కుట్టే గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కిందికి చూస్తూ కూర్చుంది.

అప్పుడే బయట బస్సు వచ్చి ఆగింది. నాన్న ఫోను పెట్టేసి, గుమ్మంలోకి వెళ్ళి, వాన జల్లుకి చేయి అడ్డం పెట్టుకుని, దిగుతున్నవాళ్ళను ఒక్కొక్కరినే చూశాడు.